ఇంట్లో కాక్‌పిట్: ఎన్ని తెరలు కావాలో కోణమే చెబుతుంది

ఫ్లైట్ సిమ్యులేటర్ సరదా ఉన్నవాళ్లకు ఇప్పుడు అందుబాటులో ఉన్న సాఫ్ట్‌వేర్ పదిహేనేళ్ల కిందట ఊహకు కూడా అందేది కాదు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020 ఆగస్టులో కొత్త రూపంలో వచ్చింది. ఉపగ్రహ, విమాన చిత్రాల ఆధారంగా మొత్తం భూగోళాన్ని తెర మీద పరిచింది. 2022 చివర్లో ఎక్స్‌ప్లేన్ అనే మరో సిమ్యులేటర్ 12వ వెర్షన్, 2024 నవంబరులో మైక్రోసాఫ్ట్ తర్వాతి వెర్షన్ వచ్చాయి. శంషాబాద్‌లో టేకాఫ్ అయి నాగార్జునసాగర్ మీదుగా కృష్ణ వెంట విజయవాడ దాకా కిందికి చూసుకుంటూ వెళ్లొచ్చు.

అంత ప్రపంచం ఒక్క తెరలో ఇరుక్కుపోయిందే అనిపించగానే మూడు మానిటర్లు పెడదామన్న ఆలోచన వస్తుంది. అయోమయం మొదలయ్యేది అక్కడే. మూడు చిన్నవా, ఒకటే పెద్దదా? వరుసగా పెట్టాలా, పక్కవాటిని లోపలికి తిప్పాలా? గ్రాఫిక్స్ కార్డు మోయగలదా? కళ్లకు తొడుక్కునే వీఆర్ హెడ్‌సెట్ ఉండగా ఇవన్నీ ఎందుకు? ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. చిత్రమేమిటంటే వాళ్లలో చాలామంది చెప్పేది నిజమే, కాకపోతే ఎవరి మాట వాళ్లు నడిపే విమానానికే నిజం. ఎందుకో తెలియాలంటే ముందు చిన్న జ్యామితి తెలియాలి.

## తెర సైజు కాదు, అది కంటి దగ్గర చేసే కోణం

మానిటర్‌ను విమానపు కిటికీ అనుకోండి. కిటికీలోంచి బయట ఎంత కనిపిస్తుందన్నది రెండింటి మీద ఆధారపడుతుంది: కిటికీ ఎంత వెడల్పు ఉంది, దానికి మనం ఎంత దూరంలో కూర్చున్నాం. ఈ రెండూ కలిసి కంటి దగ్గర చేసే కోణాన్నే ఫీల్డ్ ఆఫ్ వ్యూ అంటారు. సిమ్యులేటర్లు నడిపేవాళ్లు పొట్టిగా ఎఫ్ఓవీ అంటారు. లెక్క సులువే. తెర వెడల్పులో సగాన్ని కంటి నుంచి తెరకున్న దూరంతో భాగించాలి. వచ్చినదానికి ఆర్క్‌టాన్ (కాలిక్యులేటర్‌లో tan⁻¹) తీసి రెట్టింపు చేయాలి. ఫోన్‌లో ఉన్న సైంటిఫిక్ కాలిక్యులేటర్ చాలు.

మామూలు 27 అంగుళాల మానిటర్ తీసుకుందాం. దాని వెడల్పు దాదాపు 59.8 సెంటీమీటర్లు. 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే కోణం 53 డిగ్రీలు. అదే మానిటర్‌కు 75 సెంటీమీటర్ల దూరం జరిగితే 43 డిగ్రీలకు పడిపోతుంది. తల తిప్పకుండా మనిషి రెండు కళ్లతో పక్కలకు గ్రహించగలిగేది దాదాపు 200 డిగ్రీలు. అంటే ఒక్క మానిటర్ ముందు కూర్చున్నవాడికి నిజమైన చూపులో నాలుగో వంతు మాత్రమే దక్కుతోంది.

ఇక్కడ ఇంకో కోణం ఉంది. సాఫ్ట్‌వేర్ తన లెక్కల్లో బొమ్మ గీసేటప్పుడు ఎంత కోణం అనుకుని గీస్తోందన్నది. ఎక్స్‌ప్లేన్ దీన్ని నేరుగా డిగ్రీల్లో అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో అది జూమ్ రూపంలో కనిపిస్తుంది. తెర చేసే కోణం, సాఫ్ట్‌వేర్ గీసే కోణం ఒకటే అయితే తెర మీద వస్తువులు నిజంగా ఉండాల్సినంత పరిమాణంలో కనిపిస్తాయి. తేడా వస్తే మొత్తం దూరాల అంచనా తప్పుతుంది.

ఎంత తప్పుతుందో చూద్దాం. ఎయిర్‌బస్ ఏ320 దిగే రన్‌వేలు సాధారణంగా 45 మీటర్ల వెడల్పు ఉంటాయి. కిలోమీటరు దూరం నుంచి అంత రన్‌వే 2.6 డిగ్రీల కోణం చేస్తుంది. 27 అంగుళాల తెర మీద, 60 సెంటీమీటర్ల దూరం నుంచి, ఎఫ్ఓవీ సరిగ్గా 53 పెట్టుకుంటే రన్‌వే వెడల్పు 2.7 సెంటీమీటర్లుగా కనిపించాలి. చుట్టూ ఇంకాస్త కనిపిస్తే బాగుంటుందని ఎఫ్ఓవీని 80కి పెంచారనుకోండి. రన్‌వే 1.6 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. కిలోమీటరు దూరంలో ఉన్న రన్‌వే కంటికి దాదాపు 1.7 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు అనిపిస్తుంది. "కాక్‌పిట్‌లో మీటర్లన్నీ సరిగ్గానే చూపిస్తున్నాయి, అయినా ప్రతిసారీ ఎత్తుగా వచ్చి గట్టిగా దిగుతున్నాను" అని బాధపడేవాళ్లు చాలాసార్లు చూడాల్సింది తమ చేతి వైపు కాదు, ఈ అంకె వైపు.

పక్కల వైపు చూపు కావాలి, పరిమాణమూ నిజంగా ఉండాలి. ఒక్క చిన్న తెర మీద ఈ రెండూ కుదరవు. ఎక్కువ తెరల అవసరానికి అసలు కారణం ఇదే.

## పక్క తెరలను లోపలికి తిప్పితే ఏమవుతుంది

27 అంగుళాలవి మూడు తెచ్చి గోడకు సమాంతరంగా ఒకే వరుసలో పెడితే మొత్తం వెడల్పు దాదాపు 179 సెంటీమీటర్లు. 60 సెంటీమీటర్ల దూరం నుంచి అది 112 డిగ్రీల కోణం. అవే మూడింటిలో పక్కవాటిని లోపలికి తిప్పి, మూడూ కంటికి సమాన దూరంలో ఉండేట్టు అమరిస్తే ఒక్కొక్కటీ 53 చొప్పున 159 డిగ్రీలు వస్తాయి. అదనంగా ఖర్చు లేదు, 47 డిగ్రీలు లాభం. అందుకే దాదాపు అందరూ పక్క మానిటర్లను వంచుతారు.

వంచగానే కొత్త సమస్య. కంప్యూటర్ త్రీడీ దృశ్యాన్ని మామూలుగా ఒక చదునైన తలం మీద పడిన నీడలా లెక్కగడుతుంది. చదునైన తెరకు అది సరిగ్గా సరిపోతుంది. మూడు తెరలనూ కలిపి ఒకే పెద్ద తెరగా చూపిస్తే సాఫ్ట్‌వేర్‌కు మనం పక్కవాటిని వంచామన్న సంగతి తెలియదు. తన ముందు చదునైన పెద్ద పలక ఉందనే గీస్తుంది. ఫలితంగా పక్క తెరల్లో విమానం రెక్క సాగిపోతుంది, గుండ్రటి ట్యాంకులు కోడిగుడ్డు ఆకారంలోకి మారతాయి, మలుపు తిరుగుతుంటే అంచుల్లో నేల విపరీతమైన వేగంతో పరిగెడుతుంది.

చదునైన ఒకే చిత్రంలో 159 డిగ్రీలూ ఇరికించమంటే ఇంకా ఘోరం. లెక్క వేస్తే మధ్య 53 డిగ్రీల దృశ్యానికి మొత్తం చిత్రంలో 9 శాతం చోటే మిగులుతుంది. అరవై సెంటీమీటర్ల మధ్య మానిటర్‌ను నింపాల్సిన దృశ్యం పదహారు, పదిహేడు సెంటీమీటర్లలోకి నలిగిపోతుంది. మిగతా చోటంతా సాగదీసిన పక్కలే. అందుకే ఈ పద్ధతిలో ఉన్నవాళ్లు 110, 120 దగ్గర ఆపి, పక్కల్లో కొంత సాగుడును భరిస్తారు.

సరైన పరిష్కారం ఒక్కో తెరకు ఒక్కో కెమెరా. మధ్య కెమెరా సూటిగా ముందుకు, ఎడమ కెమెరా 53 డిగ్రీలు ఎడమకు, కుడిది అంతే కుడికి చూస్తాయి. మూడూ చదునైన చిత్రాలే, ఒక్కొక్కటీ తన తెరకు సరిపోయినవే. మానిటర్ల చట్రాల మందాన్ని కూడా ఇందులో కలుపుకోవాలి. చట్రాలతో కలిపి వెడల్పు 61.2 సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కో మానిటర్ ఆక్రమించే కోణం 54 డిగ్రీలు. అప్పుడు ఎఫ్ఓవీ 53, పక్క కెమెరాల మళ్లింపు 54 పెట్టాలి. ఆ ఒక్క డిగ్రీ చట్రం వెనక దాగిపోయిందని సాఫ్ట్‌వేర్‌కు తెలుస్తుంది. క్షితిజ రేఖ ఒక తెర నుంచి ఇంకో తెరలోకి విరగకుండా సాగుతుంది.

## ఒకే చిత్రమా, మూడు కెమెరాలా: సాఫ్ట్‌వేర్‌ను బట్టి జవాబు

మూడు మానిటర్లనూ విండోస్‌కు ఒకే వెడల్పాటి తెరగా చూపించే పని గ్రాఫిక్స్ డ్రైవర్ చేస్తుంది. ఎన్విడియాలో దాన్ని సరౌండ్ అని, ఏఎండీలో ఐఫినిటీ అని పిలుస్తారు. సరౌండ్‌కు మూడు మానిటర్లూ ఒకే రిజల్యూషన్‌లో, ఒకే రిఫ్రెష్ రేటులో (తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందన్నది) నడవాలి. ఇంట్లో ఉన్న పాత మానిటర్‌ను పక్కన కలిపేద్దామనుకునేవాళ్లకు అడ్డు తగిలేది ఇక్కడే. మూడు ఒకే మోడల్‌వి ఉంటే రంగుల తేడా తలనొప్పి కూడా తప్పుతుంది.

వేర్వేరు కెమెరాల విషయంలో ఎక్స్‌ప్లేన్‌ది పాత అనుభవం. గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లోనే ప్రతి మానిటర్‌కూ విడిగా ఎఫ్ఓవీ, పక్కకు ఎంత మళ్లించాలి, పైకీ కిందికీ ఎంత, వాలు ఎంత అని అంకెలు ఇవ్వొచ్చు. ఓపెన్ సోర్స్‌లో ఉచితంగా దొరికే ఫ్లైట్‌గేర్ కూడా ఈ పని చేస్తుంది, కాకపోతే కాన్ఫిగరేషన్ ఫైల్లో చేత్తో రాసుకోవాలి. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో అదనపు కెమెరా విండోల సదుపాయం 2022లో సిమ్ అప్‌డేట్ 10తో వచ్చింది, అదీ ప్రయోగాత్మక విభాగంలో. దృశ్యం మైక్రోసాఫ్ట్‌ది అందంగా ఉంటుంది, తెరల అమరిక ఎక్స్‌ప్లేన్‌ది చక్కగా ఉంటుంది. ఇంట్లో కాక్‌పిట్ కట్టే ప్రతి ఒక్కరూ ఏదో ఒక దశలో ఈ రెంటి మధ్య తేల్చుకోవాల్సి వస్తుంది.

మూడో దారి కూడా ఉంది: ఒక్కో తెరకు ఒక్కో కంప్యూటర్. ఎక్స్‌ప్లేన్, ఫ్లైట్‌గేర్ రెండూ దీన్ని చేయగలవు. ప్రధాన కంప్యూటర్ విమానాన్ని నడుపుతుంది. అది ఎక్కడుందో, ఏ వైపు తిరిగి ఉందో, ఎంత వాలిందో మిగతావాటికి నెట్‌వర్క్ ద్వారా పంపుతుంది. దృశ్యాన్ని ఎవరికి వారే గీసుకుంటారు. పంపేది నాలుగు అంకెలే కాబట్టి మామూలు ల్యాన్ కేబుల్ చాలు. భారం పంచుకున్నట్టవుతుంది. అయితే ప్రతి కంప్యూటర్‌లోనూ అవే సీనరీ ఫైళ్లు, అదే వెర్షన్ ఉండాలి. ఒక అప్‌డేట్ వచ్చిందంటే అన్నిచోట్లా పని పడుతుంది. మేఘాలు ఒక తెరలో ఒకలా, పక్క తెరలో ఇంకోలా కనిపించడం ఈ పద్ధతిలో తరచుగా వినిపించే ఫిర్యాదు.

## పిక్సెల్స్ లెక్క ఒకటి, ప్రాసెసర్ లెక్క ఒకటి

"మూడు తెరలంటే మూడింతల కార్డు కావాలి" అన్న మాట సగమే నిజం. ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో 20.7 లక్షల పిక్సెల్స్ ఉంటాయి. మూడు కలిపితే 62 లక్షలు. ఒక్క 4కే మానిటర్‌లో 83 లక్షలు. అంటే మూడు ఫుల్ హెచ్‌డీ తెరలను నింపడం కంటే ఒక్క 4కే తెరను నింపడమే గ్రాఫిక్స్ కార్డుకు ఎక్కువ పని. 1440పీ (2560×1440) అయితే ఒక్కొక్కటి 36.9 లక్షలు, మూడు కలిపి కోటీ పది లక్షలు. మూడు 4కే తెరలంటే దాదాపు రెండున్నర కోట్లు. దానికి మార్కెట్లో ఉన్న పెద్ద కార్డులకు కూడా చెమటలు పడతాయి.

మిగతా సగం ప్రాసెసర్‌ది. ఫ్లైట్ సిమ్యులేటర్ ప్రతి ఫ్రేముకూ, అంటే తెర మీద గీసే ఒక్కో బొమ్మకూ, విమాన గమనం, వాతావరణం, ఇతర విమానాలు, కాక్‌పిట్‌లో ఉన్న కంప్యూటర్లు అన్నిటినీ లెక్కగట్టాలి. దాంతోపాటు ఏ భవనం, ఏ చెట్టు గీయాలో తేల్చి కార్డుకు చెప్పాలి. ఈ పనిలో పెద్ద భాగం ఒకే ప్రధాన థ్రెడ్ మీద, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా సాగే ఒకే పనుల వరుసలో నడుస్తుంది. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే అదంతా 16.7 మిల్లీసెకన్లలో అయిపోవాలి. 30 చాలంటే 33.3 మిల్లీసెకన్ల వ్యవధి ఉంటుంది. ఒకే వెడల్పాటి చిత్రమైతే ఏం గీయాలో ఒక్కసారి తేలిస్తే సరి. మూడు కెమెరాలైతే అదే పని మూడుసార్లు. కార్డు ఖాళీగా ఉన్నా ఫ్రేములు పడిపోవడానికి కారణం ఇదే.

ఖరీదైన కార్డు కొన్నా ఫలితం రాలేదని బాధపడేవాళ్లు ముందు ఈ తేడా చూసుకోవాలి. రిజల్యూషన్ తగ్గించి చూడండి. ఫ్రేములు పెరిగితే ఇబ్బంది కార్డుది. పెరగకపోతే ప్రాసెసర్‌ది. ఎక్కువ క్యాష్ మెమరీ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగవంతమైన మెమరీ) ఉన్న ప్రాసెసర్లకు సిమ్యులేటర్ అభిమానుల్లో అంత ఆదరణ ఎందుకంటే ఇందుకే. 2022లో వచ్చిన ఏఎండీ రైజెన్ 7 5800ఎక్స్3డీలో 96 ఎంబీ ఎల్3 క్యాష్ పెట్టారు. ప్రధాన థ్రెడ్ డేటా కోసం ర్యామ్ దాకా వెళ్లి ఎదురుచూసే సమయం దానివల్ల తగ్గుతుంది.

## మూడు తెరల్లోనూ కనిపించని చోటు

ఇప్పుడు అసలు పరీక్ష. చిన్న విమానం నేర్చుకునేవాళ్లు ఎక్కువగా చేసేది సర్క్యూట్లు. అంటే టేకాఫ్ అయి, రన్‌వే చుట్టూ దీర్ఘచతురస్రంలా తిరిగి మళ్లీ దిగడం. బేగంపేటలో సెస్నా 172తో రన్‌వే 27కు ఎడమ సర్క్యూట్ చేస్తున్నామనుకుందాం. పడమరకు లేచి, ఎడమకు రెండుసార్లు తిరిగి, రన్‌వేకు సమాంతరంగా తూర్పుకు వెళ్తుంటాం. దీన్ని డౌన్‌విండ్ అంటారు. రన్‌వే ఎడమ పక్కన, హుస్సేన్‌సాగర్ కుడి పక్కన ఉంటాయి. దిగాల్సిన అంచు సరిగ్గా ఎడమ రెక్క వైపు, అంటే ముక్కు నుంచి 90 డిగ్రీల్లో కనిపించినప్పుడు పవర్ తగ్గిస్తారు. అది వెనక్కి జరిగి రెక్కకు 45 డిగ్రీలు వెనక, అంటే ముక్కు నుంచి 135 డిగ్రీల దగ్గరకు వచ్చినప్పుడు బేస్ వైపు, అంటే రన్‌వే వరుసకు అడ్డంగా సాగే భాగంలోకి తిరుగుతారు.

మన మూడు మానిటర్ల కాక్‌పిట్‌లో ఎడమ వైపు చివరి అంచు ఎక్కడ? మధ్య తెరలో సగం, దానికి పక్క తెర కలిపితే దాదాపు 80 డిగ్రీలు. అంటే రన్‌వే అంచు రెక్క వైపు రాకముందే తెర దాటి మాయమవుతుంది. చూపు కావాల్సిన రెండు క్షణాల్లో ఏ ఒక్కటీ తెర మీద లేదు. ఇంత ఖర్చు పెట్టాక ఈ సంగతి తెలిస్తే మనసు చివుక్కుమంటుంది, కాబట్టి ముందే లెక్క వేసుకోవడం మేలు.

దారులు లేకపోలేదు. 32 అంగుళాల మానిటర్లు తెచ్చి 50 సెంటీమీటర్ల దగ్గర కూర్చుంటే ఒక్కొక్కటీ 70 డిగ్రీలు చేస్తుంది. పక్కకు 105 దాకా వస్తుంది. 90 దక్కింది, 135 దక్కలేదు. 27 అంగుళాలవి అయిదు పెడితే పక్కకు దాదాపు 134 డిగ్రీలు. లెక్క కుదిరింది, గది కుదరాలి. నాకు వీటన్నిటికంటే నచ్చినది వేరే ఉంది. మూడు మానిటర్లనే ఒకటి ముందు, రెండు ఎడమ వైపు పెట్టడం. కెమెరాల మళ్లింపు సున్నా, 54, 108. ఎడమకు 134 డిగ్రీలు వస్తాయి. కుడివైపు గోడే కనిపిస్తుంది. అయితే శిక్షణ విమానంలో పైలట్ ఎడమ సీటులో కూర్చుంటాడు, సర్క్యూట్ మామూలుగా ఎడమవైపే ఉంటుంది. ఒక్కో తెరకు విడిగా కెమెరా ఇవ్వగల సాఫ్ట్‌వేర్ అయితేనే ఇది సాధ్యం.

ఇంకో దారి హెడ్ ట్రాకింగ్. ట్రాక్ఐఆర్ లాంటి పరికరం తల కదలికను ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో పసిగడుతుంది. ఓపెన్‌ట్రాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మామూలు వెబ్‌క్యామ్‌తోనూ ఈ పని అవుతుంది. తల 15 డిగ్రీలు తిప్పితే తెర మీద చూపు 90 డిగ్రీలు తిరిగేట్టు పెట్టుకుంటారు. అలవాటయ్యేదాకా వింతగా ఉంటుంది. ఒక్క పెద్ద తెరతో, తక్కువ ఖర్చుతో చుట్టూ చూసే వీలు మాత్రం వస్తుంది. దీన్ని సమర్థించేవాళ్ల వాదనలో బలముంది. మూడు తెరలవాళ్ల జవాబూ కొట్టిపారేయదగ్గది కాదు. మనిషి ఓరచూపు కదలికను బాగా పసిగడుతుంది. దిగేటప్పుడు నేల పక్కల నుంచి పైకి లేస్తున్నట్టు అనిపించడం, వేగం తెలియడం ఆ ఓరచూపు వల్లే. అది పక్కన నిజంగా తెర ఉంటేనే దక్కుతుంది.

## బయటి చూపు అక్కర్లేని తెరలు

ఎయిర్‌బస్ నడిపేవాడికి ఈ సర్క్యూట్ గొడవ అంతగా లేదు. విశాఖ నుంచి ఢిల్లీకి ఐఎల్ఎస్ (రన్‌వేకు దారి చూపే రేడియో సంకేతాలు) మీద దిగే విమానంలో పైలట్ కళ్లు ఎక్కువసేపు మీటర్ల మీదే. అసలు సిమ్యులేటర్ల చరిత్ర మొదలైందే అక్కడ. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ తయారుచేసిన శిక్షణ యంత్రంలో బయటి దృశ్యమే లేదు. పియానో, ఆర్గన్ల ఫ్యాక్టరీ యజమాని కొడుకు కాబట్టి గాలి తిత్తులతో ఆ పెట్టెను కదిలించాడు. పైలట్ మూత వేసిన పెట్టెలో కూర్చుని మీటర్లు మాత్రమే చూసి నడపడం నేర్చుకునేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో లక్షల మంది అలాంటి యంత్రాల్లో శిక్షణ పొందారు.

కాబట్టి పెద్ద విమానాల అభిమానులు ముందు ఒక మంచి తెర పెట్టుకుని, మిగతా చిన్న తెరలను కింద మీటర్ల కోసం వాడతారు. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో కుడి ఆల్ట్ నొక్కి కాక్‌పిట్‌లోని డిస్‌ప్లే మీద క్లిక్ చేస్తే అది విడి విండోగా బయటికి వస్తుంది. దాన్ని ఇంకో తెర మీదికి లాగొచ్చు. తేలికే, కానీ ప్రతి విండో కొంత ఫ్రేము రేటును తింటుంది. ఇంకో పద్ధతి ఎయిర్ మేనేజర్ లాంటి ప్రోగ్రాములు. ఇవి సిమ్యులేటర్ నుంచి ఎత్తు, వేగం, దిశ వంటి అంకెలు మాత్రమే తీసుకుని మీటర్లను తామే గీస్తాయి. అంకెలు చేరవేయడానికి మైక్రోసాఫ్ట్‌లో సిమ్‌కనెక్ట్ ఉంది, ఎక్స్‌ప్లేన్‌లో డేటారెఫ్‌లు ఉన్నాయి. గీసే పని పాత ల్యాప్‌టాప్‌కో, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కో అప్పగిస్తే ప్రధాన కంప్యూటర్‌కు భారం ఉండదు.

స్విచ్చులు, నాబ్‌లు చేత్తో తిప్పాలనుకునేవాళ్లకు మోబీఫ్లైట్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఉంది. ఆర్డ్వినో అనే చిన్న సర్క్యూట్ బోర్డుకు బటన్, ఎన్‌కోడర్ (తిప్పే నాబ్), చిన్న డిస్‌ప్లే తగిలిస్తే ఆటోపైలట్ ప్యానెల్ తయారు. కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే ఎలక్ట్రానిక్స్ సామానుతో ఈ పని మొదలుపెట్టొచ్చు. కాక్‌పిట్ కట్టడంలో నిజమైన ఆనందం ఇక్కడే ఉందని చాలామంది అంటారు, నేనూ వాళ్ల పక్షమే.

## పెద్ద టీవీ, వంపు తెర, వీఆర్, ప్రొజెక్టర్

49 అంగుళాల వంపు మానిటర్‌కు 5120×1440 రిజల్యూషన్ ఉంటుంది. అది రెండు 27 అంగుళాల మానిటర్లను మధ్యలో చట్రం లేకుండా అతికించినట్టే. అమరిక తలనొప్పి లేదు. కానీ ఎత్తు 27 అంగుళాలదే. 60 సెంటీమీటర్ల నుంచి నిలువు కోణం 31 డిగ్రీలు. ముందున్న ప్యానెల్ కనిపించాలంటే రన్‌వే పోతుంది, రన్‌వే కనిపించాలంటే ప్యానెల్ పోతుంది. 55 అంగుళాల 4కే టీవీని 90 సెంటీమీటర్ల దూరంలో పెడితే అడ్డం 68 డిగ్రీలు, నిలువు దాదాపు 42. ఎత్తు విషయంలో టీవీదే గెలుపు. వాడేవాళ్లు దాన్ని గేమ్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే చేయి కదిపిన కాసేపటికి విమానం కదులుతుంది.

వీఆర్ వాదన సూటిగా ఉంటుంది: తల ఎటు తిప్పితే అటు చూపు, లోతు నిజంగా తెలుస్తుంది, సర్క్యూట్ సమస్యే లేదు. ఇదంతా నిజం. మరోవైపు చేతులు కనిపించవు. కష్టపడి కట్టుకున్న స్విచ్చుల ప్యానెల్‌ను తడుముకోవాలి, చార్టు చదవలేం, ఉక్కపోతలో గంటసేపు హెడ్‌సెట్ పెట్టుకోవడం అందరివల్లా కాదు, కొందరికి తల తిరుగుతుంది. చిన్న విమానాలు, యుద్ధ విమానాలు నడిపేవాళ్లు వీఆర్ వైపు మొగ్గడం, ఎయిర్‌లైనర్లు నడిపేవాళ్లు తెరల వైపే ఉండిపోవడం ఈ కారణాలవల్లే.

ఇద్దరు పక్కపక్కన కూర్చునే కాక్‌పిట్ కడితే ఇంకో చిక్కు వస్తుంది. తెర మీద గీసిన చిత్రం ఒక్క కంటి స్థానానికే సరిపోతుంది. ఎడమ సీటుకు లెక్క కుదిర్చితే, కుడి సీటులో ఉన్నవారికి రన్‌వే పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. విమానయాన సంస్థలు వాడే ఫుల్ ఫ్లైట్ సిమ్యులేటర్లలో దీనికోసం పెద్ద వంపు అద్దం ఉంటుంది. ప్రొజెక్టర్ల చిత్రం ఆ అద్దంలో ప్రతిఫలించి, చాలా దూరం నుంచి వస్తున్న కాంతిలా సమాంతర కిరణాలుగా కళ్లకు చేరుతుంది. ఇద్దరికీ రన్‌వే సూటిగానే కనిపిస్తుంది. పై స్థాయి సిమ్యులేటర్లలో ఈ దృశ్యం అడ్డంగా 180, నిలువుగా 40 డిగ్రీల మేర ఉంటుంది. ఇంట్లో ప్రొజెక్టర్లతో వంపు తెర కట్టేవాళ్లు అందులో వెడల్పును అందుకోగలరు. ఆ అద్దపు గుణం మాత్రం రాదు. తెర దూరంగా ఉన్నకొద్దీ తేడా తగ్గుతుంది, అందుకే ఇద్దరు కూర్చునే కాక్‌పిట్‌కు దగ్గరి మానిటర్ల కంటే దూరపు ప్రొజెక్టర్ నయం.

## కరెంటు, వేడి, ఊడిపోయే యూఎస్‌బీ

తెరల సంఖ్య పెరిగేకొద్దీ మన ఇళ్లలో ముందు తగిలే అడ్డంకి జ్యామితి కాదు, కరెంటు. కంప్యూటర్ పూర్తి భారంలో 550 వాట్లు, మూడు మానిటర్లు 35 చొప్పున 105, రెండు చిన్న తెరలు 20, మిగతావి 25 అనుకుంటే మొత్తం 700 వాట్లు. 230 వోల్టుల మీద ఇది మూడు ఆంపియర్లు. మామూలు 6 ఆంపియర్ల సాకెట్ మోస్తుంది. రోజుకు రెండు గంటలు నడిపితే నెలకు 42 యూనిట్లు. యూపీఎస్ కొనేటప్పుడు వీఏ (వోల్ట్-ఆంపియర్) అంకె కాదు, వాట్ల అంకె చూడాలి. 600 వాట్లు మాత్రమే ఇవ్వగల 1000 వీఏ యూపీఎస్ ఈ భారానికి చాలదు.

ఆ 700 వాట్లూ చివరికి గదిలో వేడిగానే మారతాయి. ఒక టన్ను ఏసీ తీసేయగలిగే వేడి దాదాపు 3.5 కిలోవాట్లు. అందులో అయిదో వంతు సిమ్యులేటర్‌కే పోతుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఈ లెక్క ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు.

యోక్ (విమానం స్టీరింగ్), థ్రాటిల్, పెడల్స్, ప్యానెళ్లు అన్నీ యూఎస్‌బీ మీదే నడుస్తాయి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. ఒకే పోర్టుకు హబ్ తగిలించి అయిదు పరికరాలు కలిపితే ఫైనల్ అప్రోచ్‌లో ఏదో ఒకటి ఊడిపోతుంది. విడిగా కరెంటు తీసుకునే హబ్, విండోస్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (కరెంటు ఆదాకు పోర్టును నిద్రపుచ్చే సెట్టింగ్) ఆపేయడం చాలాసార్లు ఈ బాధ తీరుస్తాయి. మామూలుగా గేమింగ్ కార్డు నాలుగు తెరలనే నడపగలదు, అయిదోదానికి ఇంకో కంప్యూటరో, మదర్‌బోర్డులో ఉన్న వీడియో పోర్టో చూసుకోవాలి.

## ఈ గంటలు లాగ్‌బుక్‌లోకి వెళ్తాయా

పైలట్ కావాలనుకునే పిల్లలున్న ఇళ్లలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. భారత్‌లో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటల ఫ్లయింగ్ కావాలి. ఇంట్లో కట్టుకున్న కాక్‌పిట్ ఎంత గొప్పదైనా అందులో గడిపిన సమయం ఆ లెక్కలోకి రాదు. సిమ్యులేటర్ గంటలు చెల్లేచోట కూడా అది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదించిన యంత్రమై ఉండాలి. అమెరికాలో చదువుకునే తెలుగు విద్యార్థులకు వినిపించే బీఏటీడీ, ఏఏటీడీ అన్నవి అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ అనుమతి పత్రం పొందిన శిక్షణ పరికరాలు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు (మీటర్లు చూసి నడిపే అర్హతకు) బీఏటీడీలో 10 గంటలు, ఏఏటీడీలో 20 గంటల దాకా లెక్కిస్తారు, అదీ అర్హత ఉన్న ఇన్‌స్ట్రక్టర్ దగ్గరుండి నేర్పితే. వాటిలో చాలావాటి తెరలు ఇంటి కాక్‌పిట్ తెరల్లాంటివే. తేడా ఉన్నది అనుమతిలో, పరీక్షించిన నియంత్రణల్లో, పక్కన కూర్చున్న గురువులో.

గంటలు రాకపోయినా చదువు వస్తుంది. చెక్‌లిస్టు క్రమం, రేడియో సహాయకాలను ట్యూన్ చేయడం, హోల్డింగ్‌లోకి (గాలిలో చక్కర్లు కొడుతూ వేచి ఉండడం) ప్రవేశించే పద్ధతి, ఫ్లైట్ మేనేజ్‌మెంట్ కంప్యూటర్ నింపడం వంటివి ఇంట్లో చేసిన సాధనతో బాగా పట్టుబడతాయి. వాట్సిమ్ లాంటి ఆన్‌లైన్ నెట్‌వర్కులో కంట్రోలర్‌తో మాట్లాడితే రేడియో భయమూ పోతుంది. రడ్డర్ మీద కాలికి తెలిసే బరువు, గాలి కుదుపు నడుముకు తెలియడం, దిగే ముందు చివరి పది అడుగుల అంచనా మాత్రం ఎన్ని తెరలు పెట్టినా ఇంట్లో పూర్తిగా దొరకవు. కొత్తగా శిక్షణకు వచ్చే సిమ్యులేటర్ అభిమానుల్లో ఇన్‌స్ట్రక్టర్లు ముందుగా సరిచేసే అలవాటు కూడా తెరల వల్ల వచ్చిందే: బయటికి చూడాల్సిన సమయంలో వాళ్ల కళ్లు మీటర్ల మీదే ఉండిపోతాయి.